కండ్లు మూసికొని గడపదగిన దినములున్నవా?

ధ్యాన భాగము: సంఖ్యాకాండము 9:15–23



గడచిన మాసములో ఒక ఆదివారమున ఆరాధన ముగిసిన పిమ్మట మన సంఘపు సహోదరి యొకతె తన తల్లిని, ఇద్దరు బిడ్డలను వెంటబెట్టుకొని వచ్చి ప్రార్థన చేయుమని నన్ను అడిగెను. ఆమెకు కువైటు దేశములో ఇంటిపనికి వీసా వచ్చినది. ఇట్టి పనికి వెళ్లు స్త్రీకి 30 ఏండ్లు నిండియుండవలెనని మన ప్రభుత్వపు నియమము, ఆమెకు నిండినవి. చేసిన అప్పు ఊరిలో కూలికి వెళ్లి తీర్చగలిగినది కాదు. చిన్నబిడ్డ తల్లి కొంగు పట్టుకొని విడువకుండెను. నేనేమియు అడుగక మునుపే, నాకే ధైర్యము చెప్పుచున్నట్లు ఆమె, "రెండేండ్లే గదా అయ్యగారూ. కండ్లు మూసుకుంటే గడిచిపోతాయి" అనెను.

నేను ప్రార్థన చేసితిని, వారు వెళ్లిపోయిరి. అయితే ఆ మాట మాత్రము నన్ను విడువలేదు. ఏలయనగా ఒకప్పుడు నేనును అదే మాట పలికితిని. సెమినరీలో చేరకమునుపు, 2004 మొదలు 2006 వరకు నేను కువైటులో సామానులు చేరవేయు వ్యానుకు డ్రైవరుగా ఉంటిని. అప్పుడు మా అమ్మతో నేను చెప్పినది అక్షరాల ఇదే. కాబట్టి ఈ నెల మీతో కలిసి ఈ ప్రశ్నను ఆలోచింప గోరుచున్నాను: దేవుడు మనకిచ్చు దినములలో కండ్లు మూసికొని గడపదగినవి కొన్ని ఉన్నవా? ఇంటికి దూరమై, కొద్దికాలమునకని పరదేశములో గడపు దినములు మన ఆయుష్షులో లెక్కకు వచ్చునా, రావా?

మొదట ఆ దేశములో ఒక దినము ఎట్లుండునో చెప్పెదను. వెళ్లినవారి బంధువులకు సయితము ఇది సరిగా తెలియదు. కువైటులో పారు నది ఒక్కటియు లేదు. పూర్వము షత్-అల్-అరబ్ నదినుండి పడవలలో నీళ్లు తెచ్చుకొని త్రాగెడివారు. 1953లో షువైఖ్ అను చోట ప్రభుత్వము సముద్రపు నీటిని కాచి మంచినీరు చేయు కర్మాగారమును నెలకొల్పెను. నేటికిని అక్కడివారు త్రాగు నీరు అధిక భాగము సముద్రమునుండి వచ్చునదే. వేసవిలో మిద్దెమీది ట్యాంకులో నీరు కాగిపోవును. చన్నీళ్ల కుళాయి త్రిప్పినను వేడినీళ్లే వచ్చును. అందుచేత మేము రాత్రియే బకెట్లు నింపి గదిలో చల్లారబెట్టుకొని తెల్లవారి స్నానము చేసెడివారము. 2016 జూలై 21న ఆ దేశములోని మిత్రిబా అను స్థలమున 53.9 డిగ్రీల ఎండ కాసెను. ఇప్పుడు జూన్ మొదలు ఆగస్టు వరకు పగలు 11 గంటలనుండి 4 గంటలవరకు ఆరుబయట పనిచేయింపకూడదను నియమమున్నది. దుమ్ముగాలి లేచిన దినమున ఎదుటి బండి కానరాదు. మూసిన కిటికీ సందులనుండియు ఇసుక లోనికి వచ్చి అన్నములో పండ్ల క్రింద కరకరలాడును.

మేము ఫర్వానియాలో ఒక గదికి ఆరుగురము. ఒక మంచముపై ఒక మంచము, అట్టివి మూడు. తెల్లవారుజామున డ్యూటీ. మధ్యాహ్నము కుబూస్ రొట్టె, పప్పు. రాత్రి వంతులవారీగా వంట. శుక్రవారము సెలవు గనుక ఆ దేశములో మన ఆరాధన దినము శుక్రవారమే. మంచము ప్రక్కన గోడకు నేనొక క్యాలెండరు తగిలించి, పండుకొనబోవునప్పుడు ఆనాటి తేదీని పెన్నుతో కొట్టివేసెడివాడను. మా అమ్మ ఇచ్చిన క్రొత్త దుప్పటిని, అక్కడ కొన్న మంచి కంచమును పెట్టెలోనుండి తీయలేదు. "ఇంటికి పోయినాక వాడుకొందము, ఇక్కడ ఎట్లయిన నేమి" అనుకొంటిని. వంకరపోయిన సత్తు గిన్నెలో రెండేండ్లు అన్నము తింటిని. ఇది పొదుపని నేను తలంచితిని. నేను దాచిపెట్టినది కంచమును మాత్రమే కాదని తరువాత తెలిసినది.

కండ్లు మూసికొనుటలో న్యాయము లేకపోలేదు. గాయపడినవాడు పండ్లు బిగబట్టును. ప్రతి సాయంకాలమును బిడ్డల ముఖములే తలచుకొన్నయెడల మరునాడు పనికి లేవలేము. ఇక్కడ మనసు పెట్టితిమా, ఇల్లు మరచిపోదుమేమో అను భయము కలదు. అట్లు మరచిపోయి అక్కడ త్రాగుటకు, జూదమునకు అలవాటుపడినవారిని నేను చూచితిని. మోషే తానును మిద్యాను దేశములో తన కుమారునికి గెర్షోము అని పేరుపెట్టెను; తాను అన్యదేశములో పరదేశినైతినను దుఃఖము ఆ పేరులోనే యున్నది (నిర్గమ. 2:22). కావున "అక్కడ సంతోషముగా ఉండుడి, దుఃఖింపకుడి" అని చెప్పుట సులభమైన మాట, ప్రేమగల మాట కాదు. మరి యేమి చెప్పవలెను?

ధ్యాన భాగమును చూడుడి. ఇశ్రాయేలీయులు అరణ్యములో మేఘమును అనుసరించి నడచిరి. మేఘము కొన్నిచోట్ల రెండు దినములు నిలిచెను, కొన్నిచోట్ల నెల, కొన్నిచోట్ల ఏడాది. 21వ వచనము చదువుడి: కొన్ని పర్యాయములు మేఘము సాయంకాలము మొదలు ఉదయము వరకే నిలిచెను; తెల్లవారగానే మరల ప్రయాణము. ఆ ఒక్క రాత్రి కొరకు వారేమి చేసిరో ఆలోచింపుడి. ప్రత్యక్షపు గుడారమనగా చిన్న డేరా కాదు. నిలువు పలకలే 48. వాటి క్రిందను, అడ్డతెర స్తంభముల క్రిందను వెండి దిమ్మలు 100. పలకలు, స్తంభములు, మేకులు మోయుటకు మెరారీయులకు 4 బండ్లు, 8 ఎద్దులు ఇయ్యబడెను. ఒక్క రాత్రికొరకైనను గుడారమును నిలువబెట్టి, సాక్ష్యపు మందసమును దాని చోట నుంచి, దీపము వెలిగింపవలెను. ఉదయమున విప్పి బండ్ల కెత్తవలెను. "ఒక్క రాత్రికి ఇదంతయు ఏల? ఈ రాత్రికి సగము పలకలు చాలును, దేవుడు సర్దుకొనును, కనానులో సరిగా నిలువబెట్టుదము" అని ఆజ్ఞాపింపబడినట్లు ఎక్కడను వ్రాయబడలేదు. సగము గుడారమను మాటయే ధర్మశాస్త్రములో లేదు. ఒక రాత్రి మజిలీయైనను దేవుడు అక్కడ వారి మధ్యను నివసించెను.

అదే గ్రంథము 33వ అధ్యాయమును తీయుడి. మనము త్వరగా దాటిపోవు అధ్యాయమది. బయలుదేరిరి, దిగిరి, బయలుదేరిరి, దిగిరి. నలువదికి పైగా మజిలీల పేర్లు. రిత్మా, లిబ్నా, రీసా, కెహేలాతా. ఆ చోట్ల ఏమి జరిగినదో మనకు తెలియదు. యుద్ధము లేదు, అద్భుతము లేదు. బహుశః అక్కడ వారు మన్నాను ఏరుకొని, వండుకొని, బిడ్డలను నిద్రపుచ్చి యుందురు. అయినను యెహోవా సెలవు ప్రకారము మోషే వాటిని వ్రాసెను (33:2). నేను పెన్నుతో కొట్టివేసిన తేదీలు ఎన్నియో, దేవుడు పేరుపెట్టి వ్రాయించిన దినములు అన్ని! మనము లెక్కలోనుండి తీసివేయునదానిని ఆయన లెక్కలో వ్రాయుచున్నాడు. నా ప్రశ్నకు మొదటి జవాబు నాకు ఇక్కడ దొరికినది.

రెండవ జవాబును నేను గ్రంథములో చదువలేదు, ఆసుపత్రిలో నేర్చుకొంటిని.

నా మంచమునకు పైమంచములో తెలంగాణపు తాపీమేస్త్రీ ఒకాయన యుండెను. వయస్సులో పెద్దవాడు, అన్నా అని పిలిచెడివాడను. మన విశ్వాసమువాడు కాడు. 14 నెలలు ఆయన పైన, నేను క్రింద. ఒక రాత్రి ఆయనకు గుండెలో నొప్పి వచ్చెను. నా వ్యానులోనే ఆసుపత్రికి తీసికొనిపోతిని. అక్కడ ఒక గుమాస్తా కాగితము పెట్టుకొని ఆయన తండ్రి పేరు, ఊరిపేరు, భార్యకు ఫోను చేయు నెంబరు నన్ను అడిగెను. ఒక్కదానికిని నాయొద్ద జవాబు లేకపోయెను. నిజామాబాదు తట్టువాడని మాత్రమే తెలుసు. "మీరు ఒకే గదిలోనివారు కదా?" అని అతడు మరల అడిగెను. ఆ ప్రశ్న నేటికిని నా చెవిలో నున్నది. నేను కండ్లు మూసికొంటిని గదా! నా బాధకు మాత్రమే మూసికొంటినని తలంచితిని. కండ్లు మూసికొనువాడు బాధను ఒక్కదానినే ఏరి మూయలేడు. ప్రక్కనున్న మనుష్యునికిని మూయును.

దేవుని కృపచేత ఆయన బ్రతికెను. నాలుగవ దినమున నేను సిగ్గుతో ఆయనయొద్ద కూర్చుండి సంగతి చెప్పితిని. ఆయన నవ్వి, "ఫికర్ జేయకు తమ్మీ. నువ్వు అడగలే గని నేను అడిగిన గద. నీ ఊరేందో, మీ అమ్మ పేరేందో, మీ చెల్లె పెండ్లికి ఎంత అప్పైందో, అన్నీ నాకెరుకే" అనెను. లూకా 10వ అధ్యాయములో ప్రభువు వేసిన ప్రశ్న జ్ఞాపకము చేసికొనుడి: ఎవడు పొరుగువాడాయెను? ప్రతి శుక్రవారము ఆరాధనకు వెళ్లినవాడను నేను, పొరుగువాడైనవాడు ఆయన.

పొరుగు మంచమే కాదు, ఆ దేశమునకును నేను కండ్లు మూసితిని. 2006 జనవరి 15న కువైటు అమీరు షేక్ జాబెర్ మరణించెను. 40 దినములు సంతాపము ప్రకటింపబడెను. మా ఆఫీసులో దినదినము నా కాగితములపై సంతకము చేయు కువైటీ పెద్దాయన బల్లపై తలపెట్టి ఏడ్చుచుండగా చూచితిని. నేను ఆయనను ఒక్క మాటయైనను పలుకరింపలేదు. రేపు డ్యూటీ ఉన్నదా, సెలవా అని తోటివానిని అడిగితిని. వాళ్ల రాజు, వాళ్ల దుఃఖము, మనకేమి అనుకొంటిని.

యిర్మీయా 29వ అధ్యాయములో బబులోను చెరలోని వారికి ప్రవక్త వ్రాసిన పత్రికయున్నది. వారు ఇష్టపడి వెళ్లినవారు కారు, కొనిపోబడినవారు. త్వరలోనే తిరిగిపోవుదుమని వారికి చెప్పు ప్రవక్తలు అనేకులుండిరి. యిర్మీయా అట్లు చెప్పలేదు. ఇండ్లు కట్టుకొనుడి, తోటలు నాటుడి, ఆ పట్టణపు క్షేమము కొరకు ప్రార్థించుడి, దాని క్షేమమందే మీ క్షేమమున్నది అను భావముతో వ్రాసెను. ఇది ఇల్లు మరచిపొమ్మనుట కాదు. 70 సంవత్సరములు నిండిన పిమ్మట తిరిగి రప్పించెదనను వాగ్దానము అదే పత్రికలో నున్నది. తిరిగివచ్చు నిరీక్షణయు, ఉన్నచోట చెట్టు నాటు చేతులును ఒకే పత్రికలో ఇమిడినవి. రెంటిలో ఒకటి విడిచి రెండవది పట్టుకొనువాడు పత్రికను సగమే చదివినవాడు.

ఇట్లు చేసినవారును లేకపోలేదు. మన రాయలసీమలో మదనపల్లెలో ఆసుపత్రి కట్టిన అమెరికా రిఫార్మ్‌డ్ సంఘపువారే కువైటులోను ఆసుపత్రి కట్టిరి. 1912లో డాక్టరు ఎలియనోర్ కాల్వర్లీ అను స్త్రీ అక్కడికి వెళ్లి కువైటు స్త్రీలకు వైద్యము చేసెను. అప్పుడు అక్కడ నూనె బావులు లేవు, చల్లని గదులు లేవు. ఆమెయు పరదేశియే, ఒకనాడు తిరిగి వెళ్లవలసినదే. అయినను వచ్చినవారి భాష నేర్చుకొని, వారి బిడ్డలకు పురుడు పోసెను. ఆ మిషను ఆసుపత్రి 1967లో మూయబడినది గాని అక్కడ నాటిన సంఘము నిలిచినది. కువైట్ సిటీలోని నేషనల్ ఇవాంజెలికల్ చర్చి ఆవరణలో అనేక భాషల సంఘములు గంటలు పంచుకొని ఆరాధించును. 1999లో అక్కడ గురువుగా అభిషేకము పొందిన కువైటీ సహోదరుడు రెవరెండు ఇమ్మానుయేలు ఘరీబ్. మనయొద్ద గరీబు అనగా బీదవాడు. అరబ్బీలో ఆ మాటకు పరదేశి అని అర్థము. బీదరికముచేత పరదేశులమైన మనకు ఆ రెండు అర్థములును ఒక్కటేనని నాకు తోచుచుండును.

అయితే ఒక మాట స్పష్టముగా చెప్పవలెను. ఆ పట్టణపు క్షేమము కోరుడని చెప్పుట, అన్యాయమును సహించి ఊరకుండుడని చెప్పుట కాదు. జీతము బిగబట్టి, పాస్‌పోర్టు దాచిపెట్టి, కొట్టి, అన్నము పెట్టని యిండ్లును ఉన్నవి. అట్టిచోట "దేవుడు నిన్ను అక్కడ ఉంచెను గనుక ఓర్చుకొనుము" అని కాపరి పలికినయెడల, అతడు హాగరు దేవుని ఎరుగనివాడు. హాగరు పరాయి యింటి దాసి. కఠినముగా శ్రమపెట్టబడి ఎడారిలోనికి పారిపోయెను. అక్కడ దేవుడు ఆమెను పేరుపెట్టి పిలిచెను, ఎక్కడనుండి వచ్చితివి, ఎక్కడికి వెళ్లుచున్నావు అని అడిగెను (ఆది. 16:8). ఆ కథలో అంతకుమునుపు ఆమెను పేరుపెట్టి పిలిచినవారు కానరారు. వారు దాసి అనియే అనిరి. ఆమె ఆయనకు, నన్ను చూచుచున్న దేవుడు అను భావముగల పేరుపెట్టెను. దేవుడు మొదట ఆమెను తిరిగి పొమ్మనెను, నిజమే. ఒంటరి గర్భవతికి ఎడారిలో దిక్కులేదు. అయినను వాగ్దానము చేతికిచ్చి పంపెను. 21వ అధ్యాయములో ఆమె ఆ యింటినుండి వెళ్లగొట్టబడినప్పుడు, మరల వెళ్లి లోబడుమని చెప్పలేదు. నీళ్ల ఊటను చూపెను, ఆమె కన్నులు తెరచెను. కన్నులు తెరచెనను ఆ మాటను గమనింపుడి. దేవుడు ఎడారిలో ఒక దాసికి చేసిన మేలు కండ్లు తెరచుటయే గాని మూయుట కాదు.

కాబట్టి వెళ్లువారు తెలిసికొని వెళ్లవలెను. కువైటులో 2015లో వచ్చిన 68వ నెంబరు చట్టము ఇంటిపనివారికి వారమునకు ఒక దినము విశ్రాంతి, దినమునకు 12 గంటలకు మించని పని, సంవత్సరమునకు 30 దినముల సెలవు నియమించినది. చట్టము వ్రాతలో నుండుట వేరు, ఇంటిలో జరుగుట వేరు. అయినను తన హక్కు ఇదియని ఎరిగినవారు అడుగగలరు, ఎరుగనివారు అడుగనైనను లేరు.

"తిరిగి వచ్చిన తరువాత బ్రతుకుదము" అనువారికి మరియొక సంగతి. 1990 ఆగస్టు 2న ఇరాకు సైన్యము కువైటును ఆక్రమించెను. అక్కడి భారతీయులలో 1,70,000 మందిని అమ్మాను పట్టణమునుండి విమానములలో స్వదేశమునకు చేర్చిరి. ఏండ్ల తరబడి కూర్చిన పెట్టెలు విడిచి, కట్టుబట్టలతో వచ్చినవారు వారిలో అనేకులు. 2024 జూన్ 12న మంగఫ్‌లో పనివారు నివసించు మేడకు తెల్లవారుజామున నిప్పంటుకొని దాదాపు 50 మంది చనిపోయిరి, అధికులు భారతీయులు. నేనుండినట్టి గదులలోనే వారును నిద్రించిరి. భయపెట్టుటకు ఇది చెప్పుటలేదు. కొట్లు నింపి, ఇక బ్రతుకుదుననుకొనిన ధనవంతుని గూర్చి ప్రభువు చెప్పెను (లూకా 12). జీవితమును "తరువాత"కు దాచుకొనుట ధనవంతుడే కాదు, అప్పులపాలైన బీదవాడును చేయు తప్పేయని నేను గ్రహించితిని.

ఇక ఊరిలో నున్న మన మాట. వెళ్లినవారే కండ్లు మూసికొందురా? మనమును మూసికొందుము. కువైటునుండి ఫోను వచ్చినప్పుడు మనము మొదట అడుగునదేమి? డబ్బు వేసితివా, ఎప్పుడు వేయుదువు, దినారు ఎంత పలుకుచున్నది. ఈ పూట ఏమి తింటివి, నీ గదిలో ఎవరున్నారు, వారి పేర్లేమి అని ఎందరు అడుగుచున్నాము? మనము అడిగినయెడల ఆమె చెప్పుటకైనను చుట్టు చూచును; ప్రక్కవారి పేరు తెలిసికొనును. మనము అడుగకపోతిమా, ఆమె రెండు సంవత్సరములు మనకు బ్యాంకు మాత్రమే. మనమును ఆమె దినములను లెక్కలోనుండి కొట్టివేసినవారము. ఆమె బిడ్డలు ఇక్కడ పెరుగుచుందురు. వారి దినములును కండ్లు మూసికొనునవి కావు. వారికి జ్వరము వచ్చినప్పుడు అమ్మమ్మతో ఆసుపత్రికి ఎవరు వెళ్లవలెను? సంఘము కాదా?

ప్రియులారా, అబ్రాహాము వాగ్దత్త దేశములోనే గుడారములలో నివసించెను (హెబ్రీ. 11:9). ఆయన గుడారమేగదా యని సగము బ్రతుకు బ్రతుకలేదు. ఆ గుడారపు ద్వారముననే ముగ్గురు పరదేశులకు రొట్టెలు చేయించి, దూడను వండించి పెట్టెను. మనమందరమును, కువైటుకు వెళ్లినవారును ఊరు కదలనివారును, కొద్దికాలపు మజిలీలో నున్నవారమే. మజిలీ చిన్నదని గుడారమును సగము నిలువబెట్టకుందుము గాక.

ఆ సహోదరి ప్రయాణమునకు ముందటి సాయంకాలము నేను ఆమె యింటికి వెళ్లితిని. పెట్టె సర్దుచున్నది. క్రొత్త కంచమొకటి కాగితములో చుట్టి అడుగున పెట్టుచుండగా చూచి, "అమ్మా, దానిని పైన పెట్టుము. వెళ్లిన దినముననే దానిలో అన్నము తినుము" అంటిని. ఆమెకు అర్థము కాలేదు. నేను నా సత్తు గిన్నె కథ చెప్పితిని. తరువాత, "నీ గదిలో ఎవరుందురో వారి ఊరిపేరు మొదటి వారములోనే అడిగి నాకు ఫోనులో చెప్పవలెను" అంటిని. పోయిన శుక్రవారము ఫోను వచ్చినది. తోటి పనిమనిషి శ్రీలంక అమ్మాయి అట. ఊరిపేరు పలుకుట రాలేదు గాని, ఆమెకును ఇద్దరు బిడ్డలే అని చెప్పెను. ఇద్దరి పేర్లును చెప్పెను. దయచేసి ఆ నలుగురు బిడ్డల కొరకును ప్రార్థన చేయుడి.

ప్రార్థన: మమ్మును చూచుచున్న దేవా, మేము కొట్టివేసిన దినములను నీవు వ్రాసియుంచితివి. మేము చూడని పొరుగువారిని నీవు పేరుపెట్టి పిలిచితివి. దూరదేశములలో నున్న మా బిడ్డలకు ఈ రాత్రి నీడను, నీటిని, న్యాయమును దయచేయుము. వారి కన్నులను, మా కన్నులను తెరువుము. యేసు నామమున, ఆమేన్.